పది పిల్లలకు పది రంగుల దారాలు

పెద్ద జాతి కుక్కల పెంపకంలో గుర్తే ఆయువుపట్టు

గోదావరి డెల్టాలో ఇప్పుడు కుక్కను పెంచేది ఒక్క ఇంటి వాకిలి కోసమే కాదు. భీమవరం, ఉండి, ఆకివీడు ప్రాంతాల చేపల, రొయ్యల చెరువుగట్ల మీద, అనపర్తి, తణుకు చుట్టుపట్ల కోళ్లఫారాల దగ్గర, కోనసీమ కొబ్బరితోటల్లో, రైసుమిల్లుల ఆవరణల్లో పెద్ద జాతి కుక్కలు కాపలా కాస్తున్నాయి. అల్సేషియన్, లాబ్రడార్, రాట్‌వీలర్, డాబర్‌మన్, అక్కడక్కడ గ్రేట్ డేన్ కూడా పల్లెల్లో కనిపిస్తాయి. పట్నం నుంచి పిల్లను కొని తెచ్చుకునే రోజులు పోయి, ఊళ్లోనే ఈతలు పెట్టించే వారు బయలుదేరారు.

అయితే పిల్లలు పుట్టడం వేరు, బతికి బట్టకట్టడం వేరు. పెద్ద జాతి తల్లి ఒక్క ఈతలో ఎనిమిది, పది పిల్లల్ని పెట్టడం మామూలు. పన్నెండు పెట్టినా వింత లేదు. 2004లో ఇంగ్లండులో మాస్టిఫ్ జాతి తల్లి ఒకటి ఏకంగా 24 పిల్లల్ని కన్నది. ఇన్ని పిల్లలు ఒకే రంగులో, ఒకే పరిమాణంలో తల్లి పొట్ట దగ్గర ముద్దగా పడి ఉంటే ఏది తాగిందో, ఏది తాగలేదో ఎవరికీ అంతుపట్టదు. తెల్లవారి చూసేసరికి ఒకటి చల్లబడి ఉంటుంది. అది ముందు రోజు నుంచీ నీరసించిందా, అప్పటికప్పుడు తల్లి కింద పడి నలిగిందా అంటే చెప్పగలిగిన వారుండరు.

పెద్ద ఈతను దక్కించుకోవడానికి ఖరీదైన మందులకన్నా ముందు కావలసింది ఒకటున్నది. పుట్టిన గంటలోనే ప్రతి పిల్లకూ ఒక గుర్తు, ఆ గుర్తు మీద ఒక లెక్క. తక్కిన జాగ్రత్తలన్నీ దీని మీద నిలిచేవే.

సగటు చెప్పే అబద్ధం

రొయ్యల రైతుకు లెక్క కొత్త కాదు. చేతివల వేసి నాలుగు రొయ్యలు పట్టి కౌంటు చూస్తాడు. కోళ్లఫారం యజమాని పది కోళ్లను తూచి షెడ్డు మొత్తం బరువు అంచనా కడతాడు. వేలల్లో ఉన్న జీవాలకు ఆ పద్ధతి సరిపోతుంది. కుక్కపిల్లల దగ్గర మాత్రం అది పనికిరాదు.

పది పిల్లల ఈత ఉన్నదనుకుందాం. ఒక రోజులో తొమ్మిది పిల్లలు తలా 40 గ్రాములు పెరిగాయి. పదోది 20 గ్రాములు తగ్గింది. అన్నిటినీ ఒకే తట్టలో పెట్టి తూచితే మొత్తం మీద 340 గ్రాములు పెరిగినట్టు కనిపిస్తుంది. సగటున పిల్లకు 34 గ్రాములు. చూసినవారు ఈత బ్రహ్మాండంగా ఉన్నదనుకుంటారు. కాని ఆ లెక్క వెనుక ఒక పిల్ల చావుకు దగ్గరవుతున్నది. మర్నాడు అది మరింత నీరసించి చన్ను పట్టే ఓపిక కూడా కోల్పోతుంది. బలమైన పిల్లలు దాన్ని పక్కకు నెట్టి తాగుతాయి. పోతున్నది ఏ పిల్లో ముందు రోజే తెలిస్తే దానిని నిలబెట్టుకోవచ్చు.

గుర్తు పెట్టే పద్ధతి

గుర్తుకు పెద్ద ఖర్చేమీ లేదు. రకరకాల రంగుల ఊలుదారం చాలు. ఎరుపు, పచ్చ, నీలం, తెలుపు, ఇలా పిల్లకొక రంగు మెడకు వదులుగా కట్టాలి. మన చిటికెనవేలు దారం కింద సులువుగా దూరాలి. చెరువుల దగ్గర చేతికి దొరుకుతున్నది కదా అని నైలాన్ తాడు, వలదారం కట్టకూడదు. అది సాగదు, తెగదు. పదిరోజుల్లో పిల్ల బరువు రెండింతలవుతుంది కాబట్టి ఈ రోజు వదులుగా ఉన్న దారం నాలుగు రోజులకు ఉరి అవుతుంది. అందువల్ల రెండు రోజులకొకసారి దారం విప్పి మళ్లీ కట్టాలి. ఒక్కొక్క పిల్లను విడిగా తీసి కట్టాలేగాని, అన్నిటి దారాలూ ఒకేసారి విప్పితే గుర్తులు కలగాపులగమవుతాయి.

తల్లి దారాలను కొరికి తీసేసే రకమైతే మరో ఉపాయం ఉన్నది. చిన్న కత్తెరతో ఒకదానికి కుడి భుజం మీద, ఒకదానికి ఎడమ భుజం మీద, ఇంకొకదానికి నడుము మీద రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు కత్తిరించవచ్చు. లేదా ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క కాలి గోరు మీద గోళ్లరంగు పూయవచ్చు. చెవులు కోయడం, వాత పెట్టడం వంటి పనులు కూడదు. ఆ పుండ్ల ద్వారా చీము పట్టి పిల్లే పోతుంది.

దారం ఊడినా ఇబ్బంది లేకుండా పుట్టుమచ్చలు కూడా రాసుకోవాలి. రొమ్ము మీద తెల్లచుక్క, కాలివేలి మీద తెలుపు, తోక చివర వంకర, ఏదో ఒకటి ప్రతి పిల్లకూ ఉంటుంది. మగదా, ఆడదా అన్నది మొదటి రోజే తెలుస్తుంది. మగదానికి మూత్రద్వారం బొడ్డుకు కొంచెం దిగువన, ఆడదానికి తోక కింద ఉంటుంది. బడిపిల్లల నోటుపుస్తకం ఒకటి తీసుకుని, పిల్లకొక పేజీ కేటాయిస్తే సరి.

కాటా చెప్పే కబురు

పెద్ద జాతి కుక్కపిల్ల పుట్టినప్పుడు సాధారణంగా 400 నుంచి 600 గ్రాముల వరకు తూగుతుంది. మొదటి రోజు కొద్దిగా తగ్గినా కంగారు పడనక్కరలేదు. రెండో రోజు నుంచి మాత్రం రోజూ పెరగాలి. పుట్టిన బరువులో ప్రతిరోజూ నూటికి అయిదు నుంచి పది వంతులు పెరగడం ఆరోగ్య లక్షణం. 450 గ్రాముల పిల్ల ఎనిమిది, పది రోజుల్లో 900 గ్రాములకు రావాలి. కిరాణాకొట్లో వాడే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఇందుకు చాలు. రోజూ ఒకే వేళకు, తాగకముందు తూచి, దారం రంగు ఎదుట అంకె వేసుకోవాలి.

ఒక పిల్ల వరుసగా రెండు రోజులు పెరగలేదంటే, లేదా మొదటి రోజు తరువాత తగ్గిందంటే అది ప్రమాద సూచన. ఏడుస్తూ విడిగా పాకడం, నోరు చల్లగా ఉండడం, చర్మాన్ని పట్టి వదిలితే మడత అలాగే నిలవడం దీనికి తోడైతే పశువైద్యుని దగ్గరకు వెంటనే తీసుకుపోవాలి. తరువాత చూద్దాంలే అనుకోవడానికి అంత చిన్న ప్రాణానికి వ్యవధి ఉండదు.

తొలిపాలు, తగిన వెచ్చదనం

దూడకు జున్నుపాలు ఎంత ముఖ్యమో డెల్టా రైతుకు చెప్పనవసరం లేదు. కుక్కపిల్లకూ అంతే. తల్లి తొలిపాలలోని రోగనిరోధక శక్తిని పిల్ల పేగు గ్రహించగలిగేది పుట్టిన మొదటి రోజు మాత్రమే. అందులోనూ మొదటి కొద్ది గంటలే కీలకం. కాబట్టి పది పిల్లలూ తొలిపాలు తాగాయా అన్నది రంగుల వారీగా చూసి టిక్కు పెట్టుకోవాలి.

తల్లికి సాధారణంగా ఎనిమిది లేక పది చన్నులుంటాయి. వెనుక కాళ్ల వైపు చన్నుల్లో పాలు ఎక్కువ. బలమైన పిల్లలు వాటినే పట్టుకుంటాయి. పిల్లలు పదికి మించితే రెండు జట్లుగా చేసి వంతుల వారీగా తాగించాలి. బరువు తక్కువ ఉన్న వాటిని ముందు జట్టులో వేసి వెనుక చన్నులకు అందించాలి. ఇక్కడ గుర్తులు లేకపోతే తాగినవే మళ్లీ తాగుతాయి, తాగనివి పస్తుంటాయి.

తల్లిపాలు చాలనప్పుడు ఆవుపాలో, గేదెపాలో నీళ్లు కలిపి పోయడం ఊళ్లల్లో వాడుక. కుక్కపాలలో మాంసకృత్తులు, కొవ్వు ఆవుపాలకన్నా రెట్టింపు పైగా ఉంటాయి. పాలలోని చక్కెర మాత్రం తక్కువ. అందుచేత నీళ్లు కలిపిన పాలతో పిల్లకు బలం రాదు సరిగదా, విరేచనాలు పట్టుకుంటాయి. కుక్కపిల్లల కోసమే తయారైన పాలపొడి పశువుల మందుల దుకాణాల్లో దొరుకుతుంది. దానిని డబ్బా మీద చెప్పిన పాళ్లలో కలిపి పిల్లను బోర్లా ఉంచి తాగించాలి. పసిబిడ్డను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టినట్టు పెట్టి పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఇంకొక మాట. చల్లబడ్డ పిల్లకు ముందుగా పాలు పోయకూడదు. ఒళ్లు చల్లబడితే పేగు పనిచేయదు. గుడ్డలో చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన పెట్టి మెల్లగా వెచ్చబడనిచ్చి తరువాతే పాలు పట్టాలి. మొదటి రెండు వారాలు పిల్లకు తన ఒంటివేడిని తాను కాపాడుకునే శక్తి లేదు. మొదటి వారంలో అది ఉన్నచోట 30 డిగ్రీల వెచ్చదనం ఉండాలి. ధనుర్మాసపు రాత్రుల్లో చెరువుగట్టు మకాంలో ఇది సాధ్యం కాదు కాబట్టి ఒక మూల బల్బు వేలాడదీయాలి. కోడిపిల్లల బ్రూడర్ తెలిసినవారికి ఇది చేతిలో పనే. పిల్లలన్నీ బల్బు కింద కుప్పపడితే చలి, దూరంగా విడివిడిగా పడి ఎగరోజుతుంటే వేడి. మే నెలలో 40 డిగ్రీలు దాటిన రోజుల్లో బల్బు మాట అటుంచి, నీడ, గాలి, తల్లికి ఎప్పుడూ చల్లని మంచినీళ్లు ఉండేలా చూడాలి.

పెద్ద శరీరమున్న తల్లి గోడకు ఆనుకుని పడుకునేటప్పుడు పిల్ల వెనుక చిక్కి నలిగిపోతుంది. నేలకు అయిదారు అంగుళాల ఎత్తున, గోడకు నాలుగంగుళాల ఎడంగా చుట్టూ వెదురుబొంగు కడితే పిల్లకు తప్పుకునే చోటు దొరుకుతుంది. నున్నటి టైల్స్ మీద, గచ్చు మీద పిల్లల్ని ఉంచితే కాళ్లు జారి కప్పలా వెడల్పుగా చాపుకునే అలవాటు పడుతుంది. శుభ్రంగా ఉతికిన గోనెసంచి పరిస్తే కాళ్లకు పట్టు దొరుకుతుంది.

నట్టల మందు కొలతతోనే

కళ్లు పది నుంచి పద్నాలుగు రోజుల్లో తెరుచుకుంటాయి. ఆ తరువాత కొద్ది రోజులకు చెవులు వినిపిస్తాయి. ఆ వేళకే కడుపులో ఏలికపాములు కూడా పెరుగుతూ ఉంటాయి. పిల్ల ఇంకా నేల నాకలేదు కదా, పురుగులెలా వచ్చాయని చాలామంది ఆశ్చర్యపోతారు. ఈ పురుగులు తల్లి గర్భంలో ఉండగానే పిల్లకు చేరతాయి. కొంకిపురుగులు తల్లిపాల ద్వారా, తడినేల ద్వారా వస్తాయి. డెల్టా తేమనేల వాటికి పుట్టిల్లు. ఇవి రక్తం పీలుస్తాయి. చిగుళ్లు పాలిపోయి తెల్లబడిన పిల్లను చూస్తే అనుమానం ముందు వాటి మీదికే పోవాలి.

రెండు వారాల వయసులో మొదటి మోతాదు, తరువాత రెండేసి వారాలకొకసారి మూడు నెలలు వచ్చే వరకు, ఆపైన నెలకొకసారి ఆరు నెలల వరకు నట్టల మందు పట్టించాలన్నది పశువైద్యులు పాటించే పద్ధతి. తల్లికీ మందు పడాలి. ఈ మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది. పెద్ద ఈతలో రెండున్నర కిలోల పిల్ల, కిలోన్నర పిల్ల పక్కపక్కనే ఉంటాయి. అన్నిటికీ ఒకే చెంచా పోస్తే ఒకదానికి చాలదు, ఒకదానికి ఎక్కువవుతుంది. ఏ పిల్ల తాగిందో, ఏది ఉమ్మేసిందో తెలియాలన్నా మళ్లీ రంగుదారమే దిక్కు. ఈ పురుగుల గుడ్లు పిల్లల మలం నుంచి మట్టిలోకి, మట్టి నుంచి ఆడుకునే చిన్నారుల నోటికి చేరితే కంటిచూపుకు కూడా ముప్పే. కాబట్టి మలాన్ని రోజూ ఎత్తి పూడ్చాలి. పిల్లల్ని ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగాలి.

పార్వో భయం

ఆరో వారం దాటాక అసలు గండం వస్తుంది. తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ అప్పటికి సన్నగిల్లుతుంది. పార్వో అనే వైరస్ 1978లో మొదటిసారి బయటపడి రెండేళ్లు తిరిగేసరికి ప్రపంచమంతా పాకింది. పిల్ల తిండి మానేస్తుంది. వాంతులు, ఆపైన దుర్వాసనతో రక్త విరేచనాలు. ఒంట్లో నీరంతా పోయి రెండు మూడు రోజుల్లో కన్నుమూస్తుంది. వెంటనే ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి చికిత్స చేసినవి బతుకుతాయి. ఇంట్లో మజ్జిగ పోస్తూ కూర్చుంటే దక్కవు.

ఈ వైరస్ నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది. చూడవచ్చిన వారి చెప్పుల మట్టితో కూడా వస్తుంది. మామూలు ఫినాయిలుకు చావదు. బ్లీచింగ్ పౌడరు నీళ్లకు చస్తుంది. పిల్లలున్న చోట గచ్చు ముందు కడిగి, తరువాత ఆ నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచాలి. ఆ నేల ఆరిన తరువాతే పిల్లల్ని వదలాలి.

ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా వేయించి, మూడు నాలుగు వారాలకొకసారి మళ్లీ వేయిస్తూ పదహారు వారాల వరకు సాగించాలి. ఒక్క టీకాతో సరిపెట్టడం పెద్ద పొరపాటు. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో మిగిలి ఉంటే అది మొదటి టీకాను పనిచేయనివ్వదు. అది ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో పైకి తెలియదు. తొలిపాలు బాగా తాగిన పిల్లకు ఒకలా, తాగని పిల్లకు ఒకలా ఉంటుంది. అందుకే వరుసగా వేయించడం. ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్‌కు కూడా టీకా ఉన్నది. వరిచేలు, కాలవలు, ధాన్యపు గోదాములు ఉన్న ప్రాంతంలో దీనిని విడవరాదు. మనుషులకూ సోకే జబ్బు అది.

టీకా సీసా మీద ఉండే చిన్న చీటీని ఆ పిల్ల పుస్తకంలోనే అంటించాలి. ఎరుపుదారానికి వేసిన టీకాను పచ్చదారం పేజీలో రాస్తే రెండు పిల్లలకూ నష్టమే.

గోమార్ల మందు, చెరువుకు ముప్పు

వర్షాకాలం వచ్చిందంటే కుక్కల చెవుల్లో, కాలివేళ్ల సందుల్లో గోమార్లు చేరతాయి. పిల్లలను పీల్చి పాలిపోయేలా చేయడమే గాక జ్వరాలను అంటిస్తాయి. పశువులకు వాడే గోమార్ల మందును నీళ్లలో కలిపి కుక్కపిల్లలకు కూడా పూయడం చాలాచోట్ల ఉన్నది. పెద్ద పశువుకు సరిపడే మందు రెండు నెలల పిల్లకు విషం కావచ్చు. మరొక ప్రమాదం కూడా ఉన్నది. ఈ మందుల్లో పైరిత్రాయిడ్ జాతివి చేపలకు, రొయ్యలకు అతి తీవ్రమైన విషాలు. చెరువుగట్టు మీద కుక్కకు మందు స్నానం చేయించి ఆ నీళ్లు చెరువులోకి పోనిస్తే కాపలా కాయవలసిన పంటకే చేటు. పసిపిల్లలకైతే మందు లేకుండా పట్టకారుతో గోమార్లను మొదటికంటా పట్టి తీసి చంపడం, పక్కగుడ్డలు వేడినీళ్లలో ఉతకడం మేలు. వయసుకు తగిన మందు పశువైద్యుణ్ణి అడిగి వాడాలి.

బొద్దుతనం గొప్ప కాదు

నాలుగో వారం నుంచి మెత్తని తిండి అలవాటు చేస్తారు. ఒక్క పాలు, అన్నం మీద పెంచితే మాంసకృత్తులు చాలవు. మెత్తగా ఉడికిన అన్నంలో ఎముక తీసిన కోడిమాంసం, ముల్లు తీసి ఉడికించిన చేప, గుడ్డు కలపాలి. పచ్చిచేప, వండిన కోడిఎముక పెట్టరాదు. ఉల్లిపాయ కుక్కలకు హాని. అందరికీ ఒకే పళ్లెం పెడితే బలమైనది రెండు వంతులు తింటుంది. పళ్లేలు రెండు మూడు చేసి, బరువు తక్కువ వాటిని ఒక పళ్లెం దగ్గర కూర్చోబెట్టాలి.

అర కిలోతో పుట్టిన గ్రేట్ డేన్ పిల్ల ఏడాదిన్నరలో 50 కిలోలు దాటుతుంది. అంటే వంద రెట్లు. ఇంత త్వరగా ఎదిగే ఎముక మీద బరువు ముందుగా పడితే తుంటికీలు గుల్లవుతుంది, ముందుకాళ్లు వంకర పోతాయి. పెద్ద జాతి కదా, ఎముక బలపడాలని కాల్షియం సీసాలు తాగించేవారు చాలామంది. పసిపిల్ల ఒంటికి ఎక్కువైన కాల్షియాన్ని వద్దని తోసే శక్తి ఉండదు. పేగులోకి పోయినదంతా ఎముకల మీదికే పోయి వాటి ఎదుగుదలను చెడగొడుతుంది. పెద్ద జాతి పిల్లల కోసం తయారైన దాణా పెడుతున్నవారు కాల్షియం మందు కలపనవసరం లేదు. ఇంటి వంట మీదే పెంచేవారికి కొంత అవసరమవుతుంది. ఎంతన్నది పిల్ల బరువు చూసి వైద్యుడు చెప్పాలి.

బొద్దుగా ఉంటే ఆరోగ్యమన్న అభిప్రాయాన్ని పటాపంచలు చేసిన పరిశోధన అమెరికాలో జరిగింది. ఏడు ఈతల నుంచి 48 లాబ్రడార్ పిల్లలను తీసుకుని, ఒకే ఈతలోని వాటిని జతలుగా చేశారు. జతలో ఒకదానికన్నా రెండో దానికి నూటికి పాతిక వంతులు తిండి తగ్గించి జీవితాంతం అలాగే పెంచారు. 2002లో ఫలితాలు ప్రకటించారు. ఎక్కువ తిన్న జట్టు నడిమి ఆయువు 11.2 ఏళ్లు, తక్కువ తిన్న జట్టుది 13 ఏళ్లు. కీళ్ల జబ్బు కూడా తక్కువ తిన్న వాటికి ఆలస్యంగా వచ్చింది. ఏ పిల్ల ఏదో, ఏది ఎంత తిన్నదో పుట్టుక నుంచీ రాయబట్టే ఈ సంగతి లోకానికి తెలిసింది. పక్కటెముకలు కంటికి కనిపించకుండా, చేత్తో తడిమితే తగిలేలా ఉంటే పిల్ల సరిగా ఉన్నట్టు.

కొనేవారు చూడవలసినవి

జాతి పిల్ల అని చెప్పి నాటుసంకరాన్ని అంటగట్టడం సంతల్లో, రోడ్డుపక్కన అమ్మకాల్లో ఉన్నదే. కొన్ని సంగతులు తెలిస్తే మోసపోకుండా ఉండవచ్చు. అల్సేషియన్ అన్నా, జర్మన్ షెపర్డ్ అన్నా ఒకటే జాతి. ఇంగ్లండులో మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచి జర్మన్ పేరు పలకడం ఇష్టంలేక అల్సేషియన్ అన్నారు. 1977లో అక్కడి కెన్నెల్ క్లబ్బు పాత పేరును తిరిగి తెచ్చింది. ఈ జాతి పిల్లకు రెండు నెలల వయసులో చెవులు వాలి ఉంటే అది సంకరమని తోసిపుచ్చరాదు. చాలావాటికి నాలుగైదు నెలల లోపు చెవులు నిలబడతాయి. పుట్టినప్పుడు నల్లగా ఉండి పోనుపోను రంగు తేలుతుంది. డాబర్‌మన్ చెవులు సహజంగా వాలే ఉంటాయి. నిటారు చెవులు కోసి నిలబెట్టినవి. లాబ్రడార్ ఒక్క ఈతలోనే నలుపు, పసుపు, చాక్లెట్ రంగులు మూడూ రావచ్చు. మచ్చల డాల్మేషియన్ పిల్ల తెల్లగా పుడుతుంది. చుక్కలు తరువాత తేలతాయి.

ఒకే ఈతలో కొన్ని పిల్లలు జాతిగా, కొన్ని వేరుగా ఉంటే దానికి కారణమున్నది. ఎదకు వచ్చిన తల్లి కొద్ది రోజుల తేడాలో జాతి మగకుక్కతోను, వీధికుక్కతోను కలిస్తే ఇద్దరు తండ్రుల పిల్లలు ఒకే ఈతలో పుడతాయి. తల్లిని చూపించి నమ్మించినా పిల్ల సంకరం కావచ్చునన్న మాట. కాబట్టి ఎదలో ఉన్నన్నాళ్లూ తల్లిని గేటు లోపలే ఉంచడం పెంపకందారు బాధ్యత.

వయసు పళ్లు చెబుతాయి. మూడో వారం నుంచి పాలపళ్లు వస్తాయి. రెండు నెలలకు మొత్తం 28 ఉంటాయి. పళ్లు పూర్తిగా రాని పిల్లను రెండు నెలలదని అమ్మితే అది అబద్ధం. ముందుపళ్లు ఊడి పెద్దపళ్లు వస్తుంటే నాలుగు నెలలు వచ్చినట్టు. కుక్కల పెంపకం, అమ్మకంపై కేంద్రం 2017లో చేసిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. ఇది అర్థం లేని ఆంక్ష కాదు. తోడుపిల్లలతో ఆడుకునేటప్పుడే ఎంత గట్టిగా కరిస్తే ఎదుటివాడికి నొప్పో అది నేర్చుకుంటుంది. ముప్పయి రోజులకే విడదీసిన పిల్ల పెద్దయ్యాక నోటి అదుపు లేక ఇంటివారినే కరుస్తుంది. 40 కిలోల కుక్క విషయంలో ఇది నవ్వులాట కాదు. మొక్కై వంగనిది మానై వంగునా అని ఊరికే అనలేదు.

చివరి గుర్తు మైక్రోచిప్. ఇది వడ్లగింజంత ఉంటుంది. సూదితో రెండు భుజాల మధ్య చర్మం కింద పెడతారు. యంత్రం ఆనిస్తే పదిహేను అంకెల సంఖ్య కనిపిస్తుంది. చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా జాతి పిల్లల పుట్టుక నమోదుకు ఈ సంఖ్యనే వాడుతుంది. కాగితం చూపిన అమ్మకందారును చిప్ కూడా చదివించి చూపమనాలి. కాగితం మీది సంఖ్య, పిల్ల ఒంట్లోని సంఖ్య ఒకటైతేనే ఆ కాగితానికి విలువ.

జోనంగి చెప్పే పాఠం

గుర్తు పోతే ఏమవుతుందో తెలియడానికి దూరం పోనక్కరలేదు. కొల్లేరు లంకల్లో, కోస్తా పల్లెల్లో జోనంగి అనే మన సొంత జాతి కుక్క ఉన్నది. అతి పొట్టి వెంట్రుకలతో ఒళ్లు నున్నగా, నొసట ముడతలతో ఉంటుంది. మామూలు కుక్కల్లా మొరగకుండా కూతపెట్టినట్టు అరుస్తుంది. నేలలో గొయ్యి తవ్వుకుని పడుకుంటుంది. బాతుల మందలను కాయడంలో దీని నేర్పు పేరుపడ్డది. బాతుల పెంపకం తగ్గి చేపల చెరువులు పెరిగిన కొద్దీ దీని పని పోయింది. ఏ పిల్ల ఏ తల్లిదో, తండ్రి ఎవరో ఎవరూ రాసి పెట్టలేదు. వీధికుక్కలతో కలిసిపోయి అచ్చమైన జోనంగి అరుదైంది. తమిళనాడు రాజపాళయం, చిప్పిపారై, కర్ణాటక ముధోల్ కుక్కలు జాతీయ పశు జన్యు వనరుల సంస్థ వద్ద జాతులుగా నమోదయ్యాయి. మన వేడిని, మన చిత్తడిని తట్టుకున్న కుక్కను కాపాడుకోవాలనుకునేవారు అచ్చమైన జత దొరికితే మొదట చేయవలసిన పని ఆ ఈతకు రంగుదారాలు కట్టి పుస్తకం రాయడమే.

పిల్లతో పాటు చీటీ

మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాలి. ఏడాదికి మళ్లీ వేయించాలి. పూర్వం పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లన్న భయం పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. ఆ మందు ఇప్పుడు లేదు. చేతికి వేసే కొద్దిపాటి ఇంజక్షన్లు ప్రభుత్వాసుపత్రుల్లో ఉన్నాయి. కాని జబ్బు బయటపడిన తరువాత మందు లేదన్న సంగతి ఈనాటికీ మారలేదు. కుక్కపిల్ల కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు పారేనీటి కింద కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. పిల్లే కదా అని ఊరుకోరాదు. లూయీ పాశ్చర్ 1885లో తొలిసారి మనిషికి ఈ టీకా వేసిన జూలై 6వ తేదీన పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు. ఆ రోజు పోగొట్టుకోరాదు.

పిల్లను అమ్మేవారు డబ్బు తీసుకుని తాడు చేతికివ్వడంతో బాధ్యత తీరదు. నోటుపుస్తకంలోని ఆ పిల్ల పేజీని చింపి చీటీగా ఇవ్వాలి. అందులో పుట్టిన తేదీ, తల్లీతండ్రుల వివరం, వారం వారం బరువు, నట్టల మందు పట్టిన తేదీలు, వేసిన టీకాలు, వేయవలసిన టీకాలు, తింటున్న తిండి, చిప్ సంఖ్య ఉండాలి. ఆ చీటీని కొన్నవారు పశువైద్యునికి చూపితే తరువాతి టీకా ఎప్పుడో, మందు ఎంతో ఆయన అడుగకుండానే చెబుతారు. చీటీ ఇవ్వలేని వారి దగ్గర పిల్లను కొనకపోవడమే మంచిది.